ముడి పడని ఏడు

వారం 2431

నీటి మట్టం 212 అడుగుల లోతున. పోయిన వారం కంటే ఒక అడుగు కిందికి దిగింది. సౌర పలకలు తుడిచాను. మోటారు పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట నడిచింది.

పురిటి నీళ్ళు లేవు. చావు నీళ్ళు అయిదు బిందెలు, కుమ్మరి కంబగిరికి.

కంబగిరికి స్నానం చేయించినప్పుడు మొలతాడు మీద ఏడాదికొకటిగా వేసిన ముడులు లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిదే ఉన్నాయి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టినా అంతే వచ్చింది. ముప్పయ్యో ముడి పడ్డాక ఏ మనిషీ ముప్పై ఒకటోది చూడడని అందరికీ తెలుసు. ముప్పయ్యోది కూడా పడకుండా పోవడం తెలియదు. పన్నెండు వారాల కిందట ఉలిగమ్మ ఇలాగే ఇరవై తొమ్మిదితో పోయింది. అప్పుడు ఏదో జ్వరమన్నారు. కంబగిరికి జ్వరం లేదు. అందరికీ వచ్చినట్టే ముందు నాలుక చప్పబడింది, ఉప్పు తెలియలేదు. ఆరు వారాలకు ఆగిపోయాడు.

వారం 2432

మట్టం 212. మార్పు లేదు.

బోరు దగ్గరికి బిందెలు సగమే వచ్చాయి. చీకటి పడకముందే మోటారు ఆపేశాను. ఇంటికి వెళితే సుంకులమ్మ కొర్రలు చెరుగుతోంది.

"ఏమయ్యా, నీ బోరు కాడికి ఈగలు గూడా రావడం ల్యాదంటనే" అంది.

"ఎవరన్నారు?"

"మా తిమ్మప్పే అన్నాడు. నీళ్ళలో ఏదో దిగిందంట. మనిషికి ఒక ముడి తగ్గుతా ఉందంట."

తిమ్మప్ప ఆమె తమ్ముడు. ఇప్పుడు ఊరికి పెద్ద.

"నువ్వు తాగొద్దులే అయితే" అన్నాను.

"నేను తాగుతా. ఊళ్ళో నాకంటే ఎక్కువ ముడులున్నోళ్ళు ఎవురున్నారు ఇంగ? నీకంటే రెండు ముడులు పెద్దదాన్ని. వెనకటోళ్ళు తొంభై ఏండ్లు బతుకుతాంటిరంట గదా. తొంభై ఏండ్లు ఒకే మొగునితో ఎట్ల ఏగినారో తల్లీ!"

తనే నవ్వింది. తనకు ఇరవై తొమ్మిది ముడులు. ఈ ఏడు వానలకు వంక పారగానే ముప్పయ్యోది పడుతుంది, ఆ తరువాత మళ్ళీ ఏడు వంక పారేదాకా ఉంటుంది. మా కూతురు మల్లి కొండ ఊళ్ళో విరిగిన ఎముకలు కట్టే సాలమ్మ దగ్గర పని నేర్చుకుంటోంది. వంక పారే నాటికి దిగి వస్తుంది. ఆపైన ఆ పిల్లతో ఒక ఏడాది గడపవచ్చని సుంకులమ్మ లెక్క.

నా తరువాత ఈ పుస్తకం పట్టేవాడి కోసం పోయిన ఏటి సంగతి ఇక్కడ రాస్తున్నాను. పోయిన ఏడు వంక పారలేదు. ముడి వంక నీళ్ళలో నిలబడి కట్టాలి. నీళ్ళు లేవు గనక ముడి లేదు. ముడి లేదు గనక ఆ ఏడు వయసులోకి రాదని ఊరంతా కూర్చుని అనుకున్నాం. తినడానికి జొన్నలు లేని ఏడు అది. అందరికీ ఒక ఏడు కలిసొచ్చిందని చెప్పుకుని నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఆ ఏడు తొమ్మిది మంది పెద్దవాళ్ళు చనిపోతే, ఆకలికి పోయారని ఈ పుస్తకంలో రాసింది నేనే.

వారం 2434

మట్టం 213.

గొర్రెల భీమన్నకు నాలుక చప్పబడింది. ఆయనకూ ఇరవై తొమ్మిదే. బుధవారం బోరు గద్దె మీద ఊరు కూర్చుంది.

"ఇంగేముంది బావా, నీ నీళ్ళే" అన్నాడు తిమ్మప్ప. "ఒడ్డుబావి నీళ్ళు తాగినన్నాళ్ళు అందరూ ముప్పై చూసి పోయినారు. పోయినేడు ఒడ్డుబావి ఎండె. బోరు నీళ్ళు గొంతులోకి దిగె. ముడి తగ్గె."

"బోరు వేసి నలభై ఆరేండ్లయింది తిమ్మప్పా."

"అయితే? పొలానికి పారిచ్చినాం, పురిటికి పోసినాం, శవానికి పోసినాం. రోజూ తాగితిమా?"

వంక ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్ళు తాగాలనీ, బోరుకు మూత వేయాలనీ తేల్చారు. చెలమ నీళ్ళు వద్దన్నాను. వారం 1377లో మోటారు కాలిపోయి, ఒడ్డుబావి పూడిక తీస్తుండగా జనం చెలమ నీళ్ళు తాగారనీ, అయిదు వారాల్లో పదకొండు మంది పిల్లలు పోయారనీ బోరుకు రెండో కాపరి తన పుస్తకంలో రాశాడు. ఆ పేజీ చదివి వినిపించాను.

"నీ బోరును నువ్వు కాసుకోవల్ల గదప్పా, చదువుతావులే" అని ఎవరో వెనక నుంచి అన్నారు. అందరూ నవ్వారు. భీమన్న నవ్వలేదు.

మూత వేశారు. తాళంచెవి తిమ్మప్ప దగ్గర ఉంది. మట్టం చూసుకోవడానికి తాడు దిగేంత సందు మాత్రం వదిలారు.

వారం 2435

మట్టం 213. మోటారు నడవలేదు.

పని లేక పాత పుస్తకాలున్న పెట్టె తెరిచాను. నాకు ముందు ముగ్గురు కాపరులు రాసినవి. పుట్టిన బిడ్డకు మూడు బిందెలు, పోయిన మనిషికి అయిదు బిందెలు వంతులో కలపకుండా ఇస్తాం గనక, ఏ వారం ఎవరికి ఇచ్చిందీ రాసి ఉంటుంది. కంబగిరి పురిటి నీళ్ళు వారం 870. పోయింది 2431. మధ్యలో 1561 వారాలు. ఉలిగమ్మ 861లో పుట్టి 2419లో పోయింది. 1558.

ఆ తరువాత ముప్పై ముడులూ చూసి పోయినవాళ్ళను తీశాను. నలుగురైదుగురు చాలనుకుని మొదలుపెట్టి నలభై మంది దాకా చూశాను. ఒకరికి 1559, ఒకరికి 1562. అందరూ 1560కి, అంటే నిండా ముప్పై ఏళ్ళకు, నాలుగు వారాలు అటూ ఇటూ. పోయిన ఏడు ఆకలికి పోయారని నేను రాసిన తొమ్మిది మందీ అంతే.

నీళ్ళలో ఏమీ లేదు. ఎవరి ఆయువూ తగ్గలేదు. వంక పారని ఏడు కూడా మనుషుల మీద మామూలుగానే గడిచింది. ముడి ఒక్కటే పడలేదు.

ఈ మాట చెబితే బోరు తెరుస్తారు. ఊళ్ళో ప్రతి మనిషికీ చేతిలో ఉందనుకున్న ఒక ఏడు పోతుంది.

సుంకులమ్మ ఈ ఊళ్ళోనే పుట్టింది. ఆమె పుట్టుక ఉండే రెండో పుస్తకం మళ్ళీ తీయకుండా పెట్టె మూశాను. సాయంత్రం మళ్ళీ తెరిచాను. వారం 893, మూడు బిందెలు. ఇంకా పద్దెనిమిది వారాలు.

వారం 2436

మట్టం 212. వాడకం లేదు గనక కాస్త ఊరింది.

ఎవరికీ చెప్పలేదు.

"ఎండలు ముదరకముందే మల్లిని చూసొద్దామా?" అని సుంకులమ్మ అడిగింది. "బెల్లం, కొర్రబియ్యం ఇచ్చొద్దాం. రెండు రోజుల నడక. నీకు గూడా పనేం ల్యాదు గదా ఇప్పుడు."

వద్దన్నాను. నేను ఊళ్ళో లేకపోతే మోటారు కూడా విప్పేస్తారని చెప్పాను. అది కొంతవరకు నిజం. మిగిలిన నిజం ఏమిటంటే, రెండు రోజులు పక్కపక్కన నడుస్తూ ఆమెకు తెలియకుండా దాచడం నా వల్ల కాదు.

"సరేలే. వంక పారితే అదే వస్తాది" అంది. ఆ సాయంత్రం మిరప నారు పోసుకుంది.

వారం 2437

మట్టం 212.

చెలమ దగ్గర నీళ్ళు పచ్చగా ఉన్నాయి. గుడ్డలో వడగట్టి తీసుకుపోతున్నారు. కాచి తాగమని ఇంటింటికీ తిరిగి చెప్పాను. కట్టెలు ఎవరిస్తారని అడిగారు. ముగ్గురు పిల్లలకు విరేచనాలు.

చెప్పాలని రెండుసార్లు తిమ్మప్ప ఇంటి దాకా వెళ్ళాను. మొదటిసారి అతను లేడు. రెండోసారి ఉన్నాడు, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని దానికి తన మీసాలు అందిస్తున్నాడు. అది పట్టుకుని లాగుతోంది. "రా బావా, కూచో. నీ బోరు సంగతి తప్ప ఏమన్నా మాట్లాడు" అన్నాడు. కూర్చుని గొర్రెల సంగతి మాట్లాడి వచ్చాను.

వారం 2438

మట్టం 211.

కొండ ఊరి నుంచి తేనె అమ్ముకునే మనిషి వచ్చాడు. సాలమ్మ నేర్చుకునే పిల్లలందరినీ తీసుకుని వేర్ల కోసం పెద్ద అడవిలోకి పోయిందని చెప్పాడు. వంక పారే నాటికి గానీ దిగరట.

"మా మల్లి గూడా పోయిందా? తోవలో ఏడ్సలేదు గదా?" అని సుంకులమ్మ అడిగింది.

"ఏడ్సేదా? అందరికంటే ముందు నడిసె" అన్నాడు.

ఆమె ఆ మాట వాకిట్లో ఇద్దరు ముగ్గురికి చెప్పుకుంది. నేను లోపల కూర్చుని ఉన్నాను.

వారం 2439

మట్టం 211.

తిమ్మప్ప కూతురు, ఎనిమిది నెలలది, సోమవారం పోయింది. వాంతులు, విరేచనాలు. మొలతాడుకు మొదటి ముడి కూడా పడలేదు. బోరుకు మూత ఉంది గనక చావు నీళ్ళు ఇవ్వలేదు.

మంగళవారం పుస్తకాలు మూట కట్టుకుని తిమ్మప్ప ఇంటికి వెళ్ళాను. వాకిలి నిండా జనం ఉన్నారు. భీమన్నను మంచం మీద తెచ్చి వేపచెట్టు కింద వేశారు.

"ఏం బావా, సావింటికి వచ్చి బోరు తెరవమంటావా?" అన్నాడు తిమ్మప్ప.

"కాదు. చెప్పాల్సింది ఒకటుంది. విను."

చదివాను. ఎవరు ఏ వారం పుట్టిందీ, ఏ వారం పోయిందీ. మొదట ఎవరికీ అర్థం కాలేదు. పదో పేరు దగ్గర ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టడం ఆపారు.

"అంటే పోయినేడు..." అంది తిమ్మప్ప భార్య నాగేంద్రమ్మ.

"పోయినేడు కూడా ఏడే."

భీమన్న మంచం మీది నుంచే నన్ను పిలిచాడు. "ఓబులేసూ, ఆ ఏడు మేం బతకల్యాదప్పా. ఎండిపోతిమి. అది గూడా లెక్కలోకేస్తావా?"

"నేనేసేది కాదు మామా. వారాలు వాటంతట అవి పోయినాయి."

ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

తిమ్మప్ప నా ముందున్న పుస్తకం చూస్తూ అడిగాడు. "ఎప్పుడు చూసినావు ఇది?"

"ముప్పై ఐదో వారంలో, నాలుగు వారాల కిందట."

"నా బిడ్డ నిన్న పోయింది."

అవునన్నాను. అతను లేచి లోపలికి వెళ్ళాడు. తాళంచెవి తెచ్చి నా ముందు నేల మీద పెట్టి, మళ్ళీ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

సుంకులమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. "నాదెంత?" అని అక్కడి నుంచే అడిగింది.

"పద్నాలుగు."

"నెలలా?"

"వారాలు."

ఆమె తాళంచెవి తీసుకుంది. బోరు దగ్గరికి వెళ్ళి మూత తనే తీయించి, రెండు బిందెలు నింపింది. ఒక దాంట్లోంచి దోసిలి పట్టి తాగి, రెండూ తమ్ముడి ఇంట్లో దించి వచ్చింది. మరునాటికి జనం బోరుకు వచ్చారు. నాతో ఎవరూ మాట్లాడలేదు గానీ వరుసలో నిలబడ్డారు.

మంగళవారం సాయంత్రం ఇంట్లో ఇలా జరిగింది.

"మల్లి కాడికి పోదామంటే వద్దంటివి. అప్పటికి తెలుసు నీకు."

"తెలుసు."

"ఏంటికి చెప్పల్యా?"

"ఇంకా ఏడాది ఉందనుకుని నవ్వుతా ఉంటివి. అది పోగొట్టాలనిపించల్యా."

ఆమె చేటలో రాళ్ళు ఏరుతోంది. చేయి ఆగలేదు.

"నా నవ్వు నువ్వు చూసుకుంటివి. నేను నా బిడ్డను చూసుకునేదాన్ని" అంది.

వారం 2440

మట్టం 212. మోటారు మూడు గంటలు.

చావు నీళ్ళు అయిదు బిందెలు, భీమన్నకు. 1560.

రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చి తమ వారం అడుగుతున్నారు. చెబుతున్నాను. ఒకతను పుస్తకం తెరవగానే వద్దని లేచి పోయాడు. ఒకామె తన కొడుకుది అడిగి, తనది అడగలేదు. ఊరు కూర్చుని, ఈసారి వంక పారినప్పుడు ప్రతి మనిషికీ రెండు ముడులు వేయాలని తేల్చింది. తిమ్మప్ప రాలేదు.

వారం 2441

మట్టం చూడలేదు. ఊళ్ళో లేము.

వారం 2442

మట్టం 213.

సుంకులమ్మ, నేను కొండ ఊరికి వెళ్ళి వచ్చాం. సాలమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. అడవి అంచున ఉండే మేకలవాడు వాళ్ళు పోయిన తోవ చూపించాడు. మూడు రోజులు ఆ తోవన నడిచాం. రెండు చోట్ల పాత పొయ్యి రాళ్ళు కనిపించాయి. వాగు దగ్గర తోవ మూడుగా చీలింది. అక్కడ ఒక దాంట్లో సగం రోజు నడిచి వెనక్కి వచ్చాం. తెచ్చుకున్న గింజలు అయిపోయాయి.

"ఇంగ చాలు. పోదాం పా" అంది ఆమె.

పిల్లలు ఏ తోవన దిగినా మల్లిని మా ఊరికి పంపమని మేకలవాడికి చెప్పి, బెల్లం వాడి దగ్గర పెట్టి వచ్చాం. తోవ పొడుగునా ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. ముల్లు గుచ్చుకుంటే కాలు నా ఒళ్ళో పెట్టి తీయమంది. నాకు అదే కష్టంగా ఉండింది.

వారం 2446

మట్టం 215.

మధ్యాహ్నం ఊరిబిండి పచ్చడితో సంగటి తింటూ సుంకులమ్మ చేయి ఆపింది.

"ఊరిబిండి ఎట్లుంది నీకు?"

"బాగుంది."

"ఉప్పు?"

"సరిపోయింది."

తన పళ్ళెం నా వైపు జరిపి చేయి కడుక్కుంది. ఆ సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్ళి చాలాసేపు ఉండి వచ్చింది. ఆ ఇంటికి నేను ముప్పై తొమ్మిదో వారం తరువాత వెళ్ళలేదు.

వారం 2449

మట్టం 216.

మిరప నారు ముదిరింది, ఇక నాటక తప్పదు. సుంకులమ్మ గట్టు మీద కూర్చుని చెబుతుంటే నేను నాటాను. వరుస వంకరగా ఉందని రెండుసార్లు పీకించింది.

"మల్లికి ముడులు నాగేంద్రమ్మ కడతాది. మాట్లాడి వచ్చినా" అంది.

"నేను కడతాలే."

తల్లి లేని పిల్లకు తండ్రి కట్టడం అక్కడక్కడ ఉన్నదే. తప్పేం లేదు.

"నువ్వు కట్టొద్దు" అంది. ఇంకో మొక్క అందించి, "అది పెద్దయినాక నాగేంద్రమ్మను చూసుకోవల్ల. బిడ్డ పోయె, నాగేంద్రమ్మకు గూడా ఎవురున్నారు?" అంది.

మిగిలిన వరుసలు నాటాను.

వారం 2452

మట్టం 217. పలకలు తుడవలేదు.

పురిటి నీళ్ళు మూడు బిందెలు, చాకలి వీధిలో మగబిడ్డకు.

చావు నీళ్ళు అయిదు బిందెలు, సుంకులమ్మకు. 1559. శుక్రవారం పొద్దున. రెండు రోజులుగా నిద్రలోనే ఉండింది. గురువారం ఒకసారి కళ్ళు తెరిచి మబ్బు ఉందా అని అడిగింది. లేదని చెప్పాను. ఈ పుస్తకంలోనే గాక నోటితో కూడా ఇక అబద్ధం చెప్పకూడదనుకున్నాను, అందుకని చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో తెలియదు.

బిందెలు తిమ్మప్ప మోశాడు. నాకు మోయనివ్వలేదు.

వారం 2455

మట్టం 209. వాన నాలుగు రోజులు పడింది. గురువారం వంక పారింది.

సాలమ్మ పిల్లలను తీసుకుని శనివారం దిగింది. మేకలవాడు వాళ్ళకు ఎదురుపడలేదట, ఏ కబురూ అందలేదు. మల్లి ముందు నడుస్తోంది. కొంచెం పొడుగయింది. చంకలో వేర్ల కట్ట ఉంది. ఊరి మొదట్లోనే నాగేంద్రమ్మ ఎదురు వెళ్ళి చేయి పట్టుకుంది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

ఆదివారం ఊరంతా వంకలో దిగింది. ప్రతి మనిషికీ రెండు ముడులు. మొదటిది కట్టేటప్పుడు మాటలు వినిపించాయి. రెండోది కట్టేటప్పుడు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మల్లికి ఏడు ముడులుండేవి, తొమ్మిదయ్యాయి. నాగేంద్రమ్మ కట్టింది. నేను ఒడ్డున ఉన్నాను. నాకు కట్టేవాళ్ళు లేరు గనక నావి నేనే వేసుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం మల్లి బోరు దగ్గరికి వచ్చి ఈ పుస్తకం అడిగింది. అడిగిన వాళ్ళకు ఇవ్వాలి, పేజీ చింపకూడదు, అదీ మా పద్ధతి. చదవడం దానికి నేనే నేర్పాను. గద్దె మీద కూర్చుని, గీత కింద వేలు పెట్టుకుంటూ, నిదానంగా చదివింది. కొన్ని మాటల దగ్గర నా వైపు చూసి ఇదేమిటని అడిగితే చెప్పాను. ఒక చోట వేలు ఆగింది. పేజీ వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది.

"నాయనా, ముప్పై ఐదో వారంలో మేం కొండ ఊళ్ళోనే ఉంటిమి."

"అవును."

"ముప్పై ఆరులో గూడా."

"అవును."

"ముప్పై ఏడులో సాలమ్మత్త నాకు చేతికట్టు నేర్పిచ్చె. ఆ వారం అమ్మ వచ్చుంటే చూపిస్తాంటి."

అది ఇంకా నా వైపు చూస్తూ ఉంటే, అవునన్నాను.

మిగిలిన పేజీలు కూడా చదివింది. చివరి దాకా చదివి పుస్తకం మూసి నా చేతికి ఇచ్చింది. వేర్ల కట్ట తీసుకుంది.

"నాగేంద్రమ్మత్త ఇంట్లో ఉంటా నాయనా" అంది.

ఎన్నాళ్ళని నేను అడగలేదు.